ఇతరములు

యొనాగో నాకు రెండు ఊళ్లు.
ఒకటి, నేను చేపలు కొనుక్కునేది.
రెండోది, ఆఫీసు గోడ మీద నీలి గీతల్లో ఉండేది.
దానికి వాన లేదు, వాసన లేదు, ఎత్తుపల్లం లేదు.
నేల కింది ప్రతి గొట్టానికీ అక్కడొక కవల.
ఇక్కడ వాల్వు తిప్పితే అక్కడ గీత సన్నబడుతుంది.
ఆరేళ్లుగా దాని నాడి పట్టుకుని
రాత్రులు వెళ్లదీస్తున్నాను.

రెండు దాటాక ఊరు నీళ్లు తాగదు.
అప్పుడు కూడా పారేది దొంగనీరు.
మా పనిలో ఇది ఓనమాలు.

ఫిబ్రవరిలో ఒక వీధి ఎర్రబడింది.
నిమిషానికి చారెడు నీళ్లు,
మీటరు ముల్లు కదలనంత సన్నగా.
గొట్టం గడ్డకట్టకుండా
కుళాయి కాస్త వదిలి పడుకున్నారేమో అనుకున్నాను.
మంచు కరిగింది. చెర్రీ పూసి, రాలింది కూడా.
ఎరుపు పోలేదు.

ఇవాకురా గారిని పంపాను.
గోడలకు చెవులుంటాయంటారు,
మా ఊళ్లో నేలకున్న చెవి ఆయనే.
ఒక ఇనప కడ్డీ, దాని కొసన అరచేతంత బిళ్ళ.
ఒక కొస రోడ్డుకి, ఒక కొస చెవికి,
మధ్యలో నలభై ఏళ్లు.
పగిలిన గొట్టం బుసకొడుతుందంటారు,
వదులైన కీలు గొణుగుతుందంటారు.
నా తెర చూసి "బొమ్మ బాగుంది" అంటారు.
అంతకు మించి ఎప్పుడూ అనలేదు.

రెండూ నలభైకి ఫోను.
"బుస కాదమ్మా. గొణుగుడూ కాదు."
"మరి?"
"గంట. నేల కింద గంట మోగుతోంది."

నబెషిమా తొమియె గారు,
ఒకప్పుడు బస్సు కండక్టరు,
పెరట్లో రాతితొట్టి కింద
కుండ బోర్లించి పాతిపెట్టుకున్నారు.
చుక్క పడ్డప్పుడల్లా లోపల ఖంగుమంటుంది.
పగలు లారీల రొదలో వినపడదట.
"డబ్బు కట్టమంటే కడతాను,
ఆపమంటే ఆలోచిస్తాను" అన్నారట.

రిపోర్టులో కారణాలు తొమ్మిది.
పగులు, తుప్పు, కీలు, వాల్వు, వేరు చొరబాటు...
ఆయన అన్నీ చదివి
తొమ్మిదో గడిలో టిక్కు పెట్టారు:
ఇతరములు.

కవలకు నేను నేర్పాను,
ఆ వీధికి ఆ చారెడూ ఆరోగ్యమేనని.
బుద్ధిగా ఒప్పుకుంది.
దానికి తెలియకుండానే
లెక్కల్లో ఒక గంట చేరింది.

నవంబరులో ఒక రాత్రి ఆ చారెడు రాలేదు.
తెర పచ్చబడి చెప్పింది: నష్టం తగ్గింది.
ఎక్కువైతే మోగే అలారాలు పదిహేడున్నాయి,
తక్కువైతే మోగేది
మేమెవ్వరం రాయలేదు.
మర్నాడూ పచ్చే.
మూడోనాడు ఆ పచ్చని చూస్తూ కూర్చోలేకపోయాను.

డ్యూటీ దిగి, తెల్లారకముందే,
ఆరేళ్లుగా చూస్తున్న వీధిలో
మొదటిసారి కాలు పెట్టాను.
తెర మీద అడ్డగీత,
కాళ్ల కింద నిట్టనిలువు ఎక్కుడు.
రెండుచోట్ల ఆగాను. ఆయాసానికే అనుకుందాం.

తలుపు ఆవిడే తీశారు.
ముంజేతికి నొప్పి పట్టీ, నోట్లో పళ్లు తోముకునే బ్రష్షు.
"ప్లంబరు కుర్రాడొచ్చి వాషరు మార్చాడు.
మరీ మంచివాడు, చుక్క రాకుండా బిగించి పోయాడు.
నా చేతికి లొంగడం లేదు.
నీళ్ల శాఖేగా మీరు,
కాస్త వదులు చేసి పెడతారా?"

చీకటి పెరట్లో మోకాళ్ల మీద
ఉద్యోగంలో చేరాక మొట్టమొదటిసారి
ఒక లీకు తయారుచేశాను.
ఎక్కువైంది. తగ్గించాను.
ఇంకొంచెం.
ఆవిడ తల వంచి,
బ్రష్షు నోట్లోంచి తీసి,
"అదీ" అన్నారు.